టైల్స్ గోడకు బరువైన అలమార

మా పక్కింటివారు స్నానాల గదిలో సబ్బులు, నూనె సీసాలు, తువ్వాళ్లు పెట్టుకోడానికి గోడకు ఒక చెక్క అలమార బిగించారు. మూడు వారాలు తిరగకుండానే ఒక అర్ధరాత్రి అది ఊడి పడింది. రెండు టైల్స్ పగిలాయి. ఆ వేళ గదిలో ఎవరూ లేరు కనుక సరిపోయింది. “స్క్రూలు విరిగి ఉంటాయి” అన్నారు అందరూ. తీరా చూస్తే నాలుగు స్క్రూలూ చెక్కుచెదరలేదు. ప్లగ్గులతో సహా గోడలోంచి బయటికి వచ్చేశాయి!

బరువు కిందికి కదా లాగుతుంది, మరి స్క్రూలు ముందుకు ఎలా వచ్చాయి?

సామానుతో సహా అలమార బరువు 30 కిలోలు, లోతు 30 సెంటీమీటర్లు అనుకుందాం. దాని గరిమనాభి గోడమీద ఉండదు. సుమారు 15 సెంటీమీటర్లు ముందుకు ఉంటుంది. అందుచేత అలమార కింది అంచు గోడకు ఆని ఇరుసులా పనిచేస్తే, పైభాగం ముందుకు వాలబోతుంది. ఈ భ్రామకం 30 × 15 = 450. స్క్రూలు కింది అంచుకు 50 సెంటీమీటర్ల పైన ఉంటే వాటిని గోడలోంచి లాగే బలం 450 ÷ 50 = 9 కిలోలే. 10 సెంటీమీటర్ల పైనే ఉంటే? 45 కిలోలు! పక్కింటివారు స్క్రూలు కనిపించకూడదని అన్నిటినీ కింది అరలోనే బిగించారు. తలుపు నిండా సీసాలు పెట్టి దాన్ని తెరిస్తే గరిమనాభి ఇంకా ముందుకు జరుగుతుంది.

మీరే చూడండి. ఖాళీ అగ్గిపెట్టె డబ్బాను అట్టకు ఒక గుండుసూదితో పైఅంచు దగ్గర గుచ్చి, అట్టను నిలబెట్టి, డబ్బాలో నాణేలు వేయండి. తర్వాత సూదిని కింది అంచు దగ్గరకు మార్చండి. డబ్బా ఎటు వాలుతుందో గమనించండి.

అయినా 45 కిలోలను నాలుగు స్క్రూలు పంచుకుంటే ఒక్కోదానికి 11 కిలోలే. గట్టి ఇటుకలో మంచి ప్లగ్గుకు ఇదొక లెక్క కాదు. కనుక తప్పు ఇంకొకటి కూడా ఉండాలి.

ప్లగ్గు పట్టు అంతా ఘర్షణలో ఉంది. స్క్రూ లోపలికి దిగేకొద్దీ ప్లగ్గు ఉబ్బి రంధ్రం గోడలను నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కితే ఘర్షణ అంత ఎక్కువ. పూర్వం వడ్రంగులు ఇందుకు చెక్క బిరడా దిగగొట్టేవారు. అది తడికి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది, స్నానాల గదిలో త్వరగా వదులవుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో జాన్ రాలింగ్స్ జనపనారతో ప్లగ్గు చేశాడు. 1958లో జర్మనీవాడు ఆర్టర్ ఫిషర్ నైలాన్ ప్లగ్గు తెచ్చాడు.

ఇప్పుడు పక్కింటి గోడను కొలుద్దాం. టైలు మందం 8 మిల్లీమీటర్లు, దాని వెనుక సిమెంటు 20. ప్లగ్గు పొడవు 40. అంటే ఇటుకలో దిగింది 12 మిల్లీమీటర్లే! మిగిలినదంతా టైలులోనూ, సిమెంటులోనూ ఉబ్బింది. టైలు గట్టిదే కాని పెళుసు. నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే ఓర్చుకోలేదు. లోపలినుంచి ప్లగ్గు తోసేసరికి రంధ్రం చుట్టూ నెర్రె పట్టింది. పైగా ఆ టైలు వెనుక సిమెంటు సరిగా నిండలేదు. వేలి కణుపుతో తడితే డొల్ల చప్పుడు వస్తుంది. ఈ పరీక్ష మీ ఇంట్లో మీరూ చేయవచ్చు.

రంధ్రం వేయడం మాత్రం పెద్దల పని. కుళాయికీ, స్విచ్చుకీ నేరుగా పైన గోడలో గొట్టమో, కరెంటు తీగో ఉండవచ్చు, అక్కడ వేయరాదు. టైలు నునుపుమీద బిట్టు జారకుండా అంటుకునే టేపు ముక్క అతికించి, సుత్తిదెబ్బ ఆపేసి, నెమ్మదిగా తొలవాలి. టైలు దాటి ఇటుక తగిలాకే సుత్తిదెబ్బ పెట్టాలి. ప్లగ్గును టైలు దాటేదాకా లోపలికి తోసి, అందుకు తగిన పొడవైన స్క్రూ వాడాలి.

పక్కింటివారు ఈసారి స్క్రూలను పైఅరలో బిగించారు. నీరు దిగకుండా రంధ్రాల చుట్టూ సిలికాన్ పూశారు. పగిలిన రెండు టైల్స్‌కు అదే రంగువి మాత్రం దొరకలేదు.