ఇంటోళ్లు అడిగే ప్రశ్నలు, మనం దాటేసే జవాబులు

దసరా సెలవులకు చెన్నూరు పోయినప్పుడు ఈసారి ఒక పని పెట్టుకున్నాను. మా ఇంట్లో, మా వాడకట్టులో, ఇంజనీరింగ్ చదివే పిల్లలున్న ఇండ్లల్లో పెద్దలు అడిగే ప్రశ్నలన్నీ నోటుబుక్కులో రాసుకున్నాను. ఆ ప్రశ్నలే ఫోన్లో వస్తే మనం చెప్పే జవాబులు మూడే మూడు: "ఆఁ", "ఏం లేదు", "నీకు అర్థం కాదు తియ్యి". మొదటి రెండిటితో పెద్ద నష్టం లేదు. ఈ వ్యాసం మూడోదాని గురించి. నిజానికి అందులో అర్థం కానిదేమీ లేదు. మనమే ఎన్నడూ తెలుగులో చెప్పి చూడలేదు.

"తిన్నవా బిడ్డా?" గురించి ఎక్కువ రాయను. చెన్నూరు నుంచి మంచిర్యాలకు బస్సు, అక్కడ భాగ్యనగర్ ఎక్కితే సికింద్రాబాద్. అంత దూరం నుంచి అమ్మ కనుక్కోగలిగేది అదొక్కటే. ఏం కూరో కూడా చెప్పండి, తర్వాతి రెండు ప్రశ్నలు తగ్గుతాయి.

"ఎంత పర్సెంట్ వచ్చింది?" అన్నదానికి మనం "ఏడున్నర సీజీపీఏ" అంటాం. ఇంటర్ దాకా వెయ్యికి ఇన్ని అని విన్న బాపు దాన్ని పదికి ఏడున్నరగా లెక్కేసి 75 శాతం అనుకుంటాడు. కానీ జేఎన్టీయూ హైదరాబాద్ లెక్కలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి, మిగిలినదాన్ని 10తో గుణించాలి. అంటే ఏడున్నరకు 70 శాతం. 70 మార్కులొచ్చినా 79 వచ్చినా గ్రేడు ఒక్కటే, పాయింట్లు ఎనిమిదే. మధ్యలో 75 అనుకుంటే ఆ అర పాయింటు ఎందుకు తీస్తారో తెలిసిపోతుంది. కంపెనీ 60 శాతం అడిగిందంటే మనకు 6.5 ఉండాలన్నట్టు. ఈ ఒక్క ముక్క చెప్పడానికి రెండు నిమిషాలు చాలు.

అన్నిటికంటే ఎక్కువసార్లు విన్నది పైసల ప్రశ్న. "ఫీజు సర్కారే కడతది కదా, మళ్ల పైసలెందుకు?" ఇది మనల్ని అనుమానించి అడిగేది కాదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో పూర్తి ఫీజు రీయింబర్స్‌మెంట్ మొదలైనప్పటి నుంచి "చదువు ఫ్రీ" అన్న మాట ఊర్లల్ల నిలిచిపోయింది. లోపలి లెక్క వేరు. కన్వీనర్ కోటాలో సీటొచ్చిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు మొత్తం వస్తుంది. బీసీలకు ఈఏపీసెట్ ర్యాంకు 10,000 లోపు ఉంటే మొత్తం, దాటితే 35,000 వరకే. కాలేజీ ఫీజు లక్ష అనుకోండి, 65,000 ఇంటి నుంచి రావాలి. మేనేజ్‌మెంట్ సీటుకు ఏమీ రాదు. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజు ఆ లెక్కలోనే లేవు. పైగా ఆదాయ పరిమితి ఉంది: బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్నాల్లో రెండు లక్షలు. అందుకే మా దగ్గర ఒకే గల్లీలో రెండు రకాల ఇండ్లు కనిపిస్తాయి. పత్తి రైతు బిడ్డకు ఎంతో కొంత వస్తుంది, సింగరేణి పర్మినెంటు కార్మికుని కొడుకు మొత్తం కట్టుకుంటాడు. ఇద్దరి తల్లులూ ఒకరి లెక్క ఒకరికి చెప్పుకొని తికమక పడుతుంటారు. సర్కారు సొమ్ము ఆలస్యమైతే కోర్సు చివర సర్టిఫికెట్ల దగ్గర మాట వస్తుందన్నది కూడా ముందే చెప్పాలి. నాలుగో ఏడు చివర్ల చెబితే అప్పు కోసం తిరిగేది వాళ్లే. నా సలహా ఒకటే: ఏడాది మొదట్లోనే ఒక కాయితం మీద ఏది ఎవరు కట్టాలో రాసి ఇంట్లో ఇవ్వండి.

ఇక ఆడపిల్లలను మాత్రమే అడిగేవి కొన్ని. "ఎన్ని గంటలకు హాస్టల్‌కు వచ్చినవ్? ఎవ్వరితోని వచ్చినవ్?" మా తమ్ముడికి ఈ ప్రశ్న ఒక్కసారి కూడా పడలేదు. భయం నిజమే, కాదనను. కానీ యూజీసీ లైంగిక వేధింపుల నిరోధక నిబంధనల్లో, 2016లో వెలువడినవాటిలో, ఒక మాట ఉంది: భద్రత పేరు చెప్పి మగపిల్లల హాస్టల్‌కు లేని ఆంక్షలు ఆడపిల్లల హాస్టల్‌కు పెట్టకూడదు. ఈ వాక్యాన్ని నేను ఏ హాస్టల్ నోటీసు బోర్డు మీదా చూడలేదు. అమ్మకు చదివి వినిపిస్తే, "మరి మగపిల్లలను గూడ ఎనిమిదికే లోపలెయ్యమను" అన్నది. అదీ ఒక న్యాయమే!

ర్యాగింగ్ గురించి మొదటి ఏడాది అందరూ అడుగుతారు. 2009లో హిమాచల్‌ప్రదేశ్‌లో అమన్ కచ్రూ అనే వైద్య విద్యార్థి ర్యాగింగ్‌లో దెబ్బలు తిని చనిపోయాడు. అదే ఏడు యూజీసీ కఠిన నిబంధనలు తెచ్చింది. ఏటా మనమూ మన తల్లిదండ్రులూ ఇచ్చే అఫిడవిట్ అందులో భాగమే. సీనియర్ల రికార్డులు జూనియర్లతో రాయించుకోవడం కూడా ఆ నిబంధనల ప్రకారం ర్యాగింగే. "అన్నకు రికార్డు రాసిచ్చిన" అని ఇంట్లో గొప్పగా చెప్పేవాళ్లు గమనించాలి. 1800-180-5522 నంబరు 24 గంటలూ పనిచేస్తుంది, తల్లిదండ్రులు కూడా ఫోన్ చేయొచ్చు.

"నౌకరి ఎప్పుడొస్తది?" బొగ్గుబావుల పక్కన నౌకరి అంటే ఆర్డరు చేతికి రావడం, మస్టరు పడటం. క్యాంపస్‌లో ఆఫర్ లెటర్ వేరు, జాయినింగ్ వేరు, మధ్యలో నెలలు గడవొచ్చు. చేరేనాటికి బ్యాక్‌లాగ్ ఉండకూడదని చాలా కంపెనీల షరతు. వాట్సాప్ స్టేటస్ పెట్టేముందు ఇది ఇంట్లో చెప్పడం మంచిది.

బ్యాక్‌లాగ్ మాట వచ్చింది కాబట్టి అసలు భయం దగ్గరికి వద్దాం. "సబ్జెక్టు పోయిందంటే ఏడాది పోయినట్టేనా?" బాపు వాళ్ల కాలంలో పది తప్పితే ఇంట్లో కూసున్నట్టే. మనకట్ల కాదు. జేఎన్టీయూహెచ్ ఆర్22 నిబంధనల్లో ఒక సబ్జెక్టుకు కాలేజీలో 40, చివరి పరీక్షకు 60. పాస్ కావాలంటే మొత్తం 40 రావాలి, అందులో చివరి పరీక్షలో కనీసం 21 ఉండాలి. ఇంటర్నల్స్‌లో 38 తెచ్చుకున్న పిల్ల చివరి పరీక్షలో 20 దగ్గర ఆగితే, మొత్తం 58 వచ్చినా ఫెయిలే. "మంచిగ చదివే పిల్ల ఎట్ల ఫెయిలైంది" అని ఇంట్లో అడిగితే ఈ లెక్క చూపించండి. ఆ సబ్జెక్టు సప్లీలో రాసుకోవచ్చు, ఏడాది పోదు.

ఏడాది పోయేది డిటెన్షన్‌తో. దానికి దారులు రెండు. మొదటిది క్రెడిట్లు: మొదటి ఏడాది క్రెడిట్లలో కనీసం సగం రాకపోతే రెండో ఏడాదికి పోనివ్వరు. రెండోది హాజరు: అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం. 65కూ 75కూ మధ్య ఉంటే సరైన వైద్య కారణం చూపి, ఫీజు కట్టి మినహాయింపు అడగొచ్చు. 65 దాటకపోతే ఆ సెమిస్టరు మళ్లీ చదవాలి. చదివిన క్లాసే మళ్లీ చదివితే స్కాలర్‌షిప్ రెండోసారి రాదు. అంటే పది శాతం హాజరు కిందికి జారితే మన ఇండ్లల్ల అది ఒక పంట పైసలు.

హాజరు తగ్గితే ఇంటికి మెసేజ్ పోతుంది, ఇంగ్లీషులో, "మీ వార్డు" అంటూ. వార్డంటే మా దగ్గర దవాఖానలోనో మున్సిపాలిటీలోనో ఉంటుంది. అమ్మ మొదట దవాఖానే అనుకున్నది. అమెరికాలో 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన విద్యార్థి ఒప్పుకోనిదే మార్కులు సాధారణంగా తల్లిదండ్రులకు చెప్పరు. మాస్టర్స్‌కు పోయే మనవాళ్ల ఇండ్లల్ల ఇది కొత్త దిగులు. ఇక్కడ కాలేజీ అన్నీ చెబుతుంది, అక్కడ ఏదీ చెప్పదు. రెండుచోట్లా నిజంగా అర్థమయ్యేటట్టు చెప్పగలిగింది మనమే.

బాపుకు నేనిలా చెప్పాను: సెమిస్టరుకు 90 పనిదినాలనుకుంటే 68 రోజులు క్లాసులో ఉండాలి. జ్వరాలకూ పెండ్లిళ్లకూ కలిపి చేతిలో ఉండేవి 22.

"ఇప్పటికి ఎన్నయినయ్?"

"ఆరు."

"ఇంక పదహారున్నయన్నట్టు. పత్తి ఏరేటప్పుడు రెండు రోజులు రా బిడ్డా, కూలోళ్లు దొరుకుతలేరు."