ఇంజను వేగమునకు హద్దు

1985వ సంవత్సరమున మన దేశపు రోడ్లమీదికి రెండు చిన్న మోటారు సైకిళ్లు వచ్చినవి. ఒకటి యమహా ఆర్‌ఎక్స్ 100. రెండవది హీరో హోండా సిడి 100. మొదటిది రెండు స్ట్రోకుల ఇంజను గలది, రెండవది నాలుగు స్ట్రోకులది. రెండింటి సిలిండరు వ్యాసమును 50 మిల్లీమీటర్లే. పిస్టను పైకిని క్రిందికిని కదలు దూరము ఒకదానిలో 50, వేఱొకదానిలో 49.5 మిల్లీమీటర్లు. కవల పిల్లలవలె నున్న ఈ రెండింటిలో మొదటిది 11 అశ్వశక్తుల బలము నీయగా, రెండవది సుమారు ఏడింటితో తృప్తిపడినది. ఆర్‌ఎక్స్ బండి వీధిలో పోవుచుండగా దాని కీచుధ్వని విన్నవారు, ఆ ఇంజను రెండింతల వేగముతో తిరుగుచున్నదని తలచెడివారు. నిజమునకు ఆ రెండు ఇంజనులును తమ పూర్తి బలమును చూపునది నిమిషమునకు ఏడెనిమిది వేల చుట్ల ప్రాంతముననే. మఱి చెవి యేల మోసపోయినది?

రెండు స్ట్రోకుల ఇంజనులో పిస్టను ఒకమారు పైకి, ఒకమారు క్రిందికి కదలుటతో పని ముగియును. క్రాంకు షాఫ్టు ఒక చుట్టు తిరిగినప్పుడెల్ల లోపల ఒక మంట పుట్టును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పెట్రోలు కలిసిన గాలిని పీల్చుట, అదుముట, మండించుట, పొగను వెడలగొట్టుట అను నాలుగు పనులకు నాలుగు వేఱు కదలికలు కలవు. కావున రెండు చుట్లకు గాని ఒక మంట పుట్టదు. నిమిషమునకు 6,000 చుట్ల వేగమున ఒకే సిలిండరు గల మొదటి రకపు ఇంజను సెకనుకు 100 మారులు మ్రోగును. రెండవది 50 మారులే. చెవి లెక్కించునది మంటలను, చుట్లను కాదు.

అట్లయిన ఇంజను ఎంత వేగముగా తిరుగవచ్చును? ఇందుకు మొదటి హద్దు లోహపు బలము. ఒడిసెలలో రాయి నుంచి త్రిప్పినవారికి ఈ సంగతి చేతికే తెలియును. వేగము రెండింతలైనచో తాడుపై లాగుడు నాలుగింతలగును. పిస్టను తిరుగదు గాని, పైకి పోయి క్షణమాగి వెనుకకు మరలును. పైని చెప్పిన చిన్న ఇంజను 8,000 చుట్ల వేగమున నున్నప్పుడు, పిస్టనును పైకొనలో నిలిపి వెనుకకు లాగుటకు దాని బరువునకు రెండువేల రెట్లకు మించిన బలము కావలెను. ఆ బలమంతయు సన్నని కనెక్టింగు రాడ్డు మీదనే పడును. నాలుగు స్ట్రోకుల ఇంజనులో పొగను వెడలగొట్టు కదలిక ముగియునప్పుడు పిస్టను పైన అదుముడుపడిన గాలి యుండదు. కాబట్టి రాడ్డు ఒంటరిగా ఆ లాగుడును భరింపవలెను. రెండు స్ట్రోకుల ఇంజనులో ప్రతి చుట్టునందును అదుముడుపడిన గాలి మెత్తని దిండువలె అడ్డుపడి పిస్టనును వెనుకకు నెట్టును. ఇది దానికి కలిసివచ్చిన మేలు.

రెండవ హద్దు నాలుగు స్ట్రోకుల ఇంజనునకే చెందినది. దానిలో గాలి వచ్చుటకు, పొగ పోవుటకు వాల్వులను తలుపులు కలవు. వానిని కామ్ అను ఎత్తుపల్లముల చక్రము నెట్టి తెఱచును. స్ప్రింగు మరల మూయును. వేగము మితిమీరినచో స్ప్రింగు కామ్‌ను వెంబడింపలేదు. వాల్వు గాలిలో తేలిపోవును. సగము తెఱచియున్న వాల్వును పైకి వచ్చిన పిస్టను ఢీకొన్నచో ఇంజను పని సరి. ఈ బెడదను తప్పించుటకు డుకాటి సంస్థలో ఫాబియో తాల్యోని 1956లో స్ప్రింగును నమ్మక, మూయుటకు కూడ వేఱొక కామ్‌నే నియమించెను. రెనో సంస్థ 1986లో ఫార్ములా వన్ కార్లలో ఉక్కు స్ప్రింగులకు బదులు ఒత్తిడి గల వాయువును వాడెను. ఆ మార్గముననే 2006 నాటికి పందెపు ఇంజనులు 20,000 చుట్లను అందుకొన్నవి.

రెండు స్ట్రోకుల సామాన్య ఇంజనులో ఇట్టి వాల్వులే లేవు. సిలిండరు గోడలో రంధ్రములుండును; పిస్టనే వానిని మూయుచు తెఱచుచుండును. తేలిపోవుటకు ఏమియు లేదు గనుక ఇదియే ఎక్కువ వేగముగా తిరుగవలెనని తోచును. అయినను తిరునాళ్లకు పోవు బస్సును చూడుడు. దిగువారు దిగిన పిమ్మట ఎక్కువారు ఎక్కినచో అందఱకును చోటు దొరకును. ఇరువురును ఒక్కసారి త్రోసికొన్నచో దిగవలసినవారు కొందఱు లోపలనే యుందురు. ఎక్కినవారు కొందఱు ఆవలి తలుపుగుండ బయట పడుదురు. రెండు స్ట్రోకుల ఇంజనులో జరుగునది ఇదియే. 10,000 చుట్ల వేగమున ఒక చుట్టునకు సెకనులో వేయింట ఆరు వంతులే కాలము. అందులో క్రొత్త గాలి వచ్చు రంధ్రము తెఱచియుండునది సుమారు మూడవ వంతు. నాలుగు స్ట్రోకుల ఇంజను పీల్చుటకే సగము చుట్టునకు మించిన కాలమును వాడుకొనును. మంటలు రెండింతలైనను బలము రెండింతలు కాకపోవుటకు కారణ మిదియే. అదిగాక ప్రతి చుట్టునందును మంట తగులుట వలన పిస్టను తలకు చల్లారుటకు తీరిక చిక్కదు.

ఈ లోపమును చాలవఱకు దిద్దినవాడు తూర్పు జర్మనీలోని ఎం.జెడ్. సంస్థలో పనిచేసిన వాల్టర్ కాడెన్. నూతిలోనికి వంగి కేక వేసినచో మాఱుమ్రోత తిరిగి వచ్చును గదా! పొగగొట్టమును నడుమ లావుగను, చివర సన్నముగను చేసినచో పొగతోడి ధ్వనితరంగము అట్లే వెనుకకు మరలి, బయటికి జాఱిపోవుచున్న క్రొత్త గాలిని రంధ్రము మూతపడుటకు ముందే లోనికి నెట్టును. 1961లో ఆయన 125 సి.సి. ఇంజను 10,800 చుట్ల వద్ద 25 అశ్వశక్తుల నిచ్చెను. ఆ ఏడు సెప్టెంబరులో స్వీడన్ పందెమున ముందు నడచుచున్న ఎర్నెస్ట్ డెగ్నర్ ఇంజను చెడి ఆగిపోయెను. అతడు స్వదేశమునకు మరలలేదు. ఆ దినములలోనే అతని భార్యాబిడ్డలును సరిహద్దు దాటిరి. కాడెన్ విద్యతో సుజుకీ సంస్థను చేరిన డెగ్నర్ 1962లో 50 సి.సి. ప్రపంచ విజేత యయ్యెను. కాడెన్ మాత్రము 1996లో మరణించు వఱకు స్వదేశముననే యుండెను. విద్య ఆయనది, బిరుదు ఇతరులది.

అయితే ఆ మాఱుమ్రోత సమయమునకు రావలెను. ఊయలను తగిన క్షణమున తాకినచో ఎగయును; ముందు తాకినను వెనుక తాకినను ఆగును. గొట్టపు పొడవు ఏ వేగమునకు తగినదో ఆ వేగమునకు అటునిటు బలము క్షీణించును. అందుచేతనే 1967 నాటి 50 సి.సి. సుజుకీ పందెపు బండికి 14 గేర్లు అమర్చవలసి వచ్చెను. అది 17,000 చుట్ల ప్రాంతమున పనిచేసెను. సుజుకీతో పోటీపడిన హోండా నాలుగు స్ట్రోకులనే పట్టుకొని, మంటల కొఱతను చుట్లతో తీర్పదలచెను. 1966 నాటి దాని 50 సి.సి. బండిలో 25 మిల్లీమీటర్ల స్ట్రోకు గల రెండు బుల్లి సిలిండర్లు, చిన్ని వాల్వులు ఉండెను. తేలిక వస్తువులు గనుక 21,000 చుట్లను మించి తిరిగినవి. వాల్వులున్న ఇంజనే లేనిదానిని వేగమున మించినది! 1969 నుండి 50 సి.సి. బండ్లకు ఒకే సిలిండరు, ఆఱు గేర్లు అను నియమము వచ్చెను.

కావున స్ట్రోకుల లెక్కను మాత్రమే చూచి వేగమును తేల్చరాదు. పరిమాణమును గూడ చూడవలెను. బొమ్మ విమానములకు కట్టు రెండు స్ట్రోకుల ఇంజనులు 30,000 చుట్లను దాటగలవు. సరకుల ఓడను నడుపు మహా డీసెలు ఇంజను కూడ రెండు స్ట్రోకులదే. అందులో ఒక రకపు పిస్టను రెండున్నర మీటర్లు కదలును; నిమిషమునకు 102 చుట్లకు మించదు. అయినను లెక్కించి చూచినచో, నెమ్మదిగా కనుపించు ఆ ఓడ పిస్టను సెకనుకు సగటున ఎనిమిదిన్నర మీటర్లు పోవుచున్నది. చెవులు చిల్లులు పడునట్లు కూసిన హోండా పిస్టను పరుగు దానికి రెండింతలకు కొంచెమే మించినది.