అంతర్జాతీయ పాఠశాలలో మన అధ్యాపకుడు

జీవనోపాధికై సముద్రాలు దాటడం కడప జిల్లావాసులకు కొత్త కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల నుండి కువైట్ మొదలైన గల్ఫు దేశాలకు వెళ్ళినవారు అనేకులు. అయితే బోధనావృత్తిని చేపట్టి విదేశాలకు వెళ్ళగోరే విద్యార్థులు ఆ కొలువు స్వరూపమెట్టిదో ముందుగా గ్రహించుట అవసరం.

అక్కడ మన ఉపాధ్యాయులు పనిచేసే పాఠశాలలు ప్రధానంగా రెండు విధాలు. మొదటివి ప్రవాస భారతీయుల పిల్లలకై ఏర్పడినవి. 1959లో కువైట్‌లో వెలసిన ఇండియన్ కమ్యూనిటీ స్కూలు ఇందుకు ఉదాహరణ. వీటిలో పాఠ్యప్రణాళిక చాలవరకు మనదే. రెండవవి నానాదేశాల పిల్లలు కలిసి చదివే అంతర్జాతీయ పాఠశాలలు. నానాజాతి సమితి ఉద్యోగుల పిల్లల కోసం 1924లో జెనీవాలో నెలకొన్న పాఠశాల వీటిలో తొలితరానిది. ఆ నగరంలోనే 1968లో ఇంటర్నేషనల్ బాకలారియట్ సంస్థ ఏర్పడింది. దాని రెండేళ్ళ డిప్లొమాలో విద్యార్థి ఆరు విషయాలు చదవాలి. స్వయంగా పరిశోధించి 4,000 పదాలకు మించని వ్యాసం రాయాలి. మనకు తెలిసినది ఎలా తెలిసిందని విచారించే జ్ఞానమీమాంసను కూడా అభ్యసించాలి.

మన ఉపాధ్యాయునికి అసలు పరీక్ష ఇక్కడే. గైడు చూసి నోట్సు చెప్పే పద్ధతి అక్కడ సాగదు. "ఎందుకని?" అని విద్యార్థి అడిగితే అది అవిధేయత కాదు, పాఠం అతనికి అందుతున్నదనడానికి నిదర్శనం. తెలియనిదానిని తెలియదని చెప్పి, మరునాడు తెలుసుకొని వచ్చే గురువే అక్కడ రాణిస్తాడు.

ఆంగ్లం వస్తే చాలునన్నది మరొక భ్రమ. ఒకే తరగతిలో పలు మాతృభాషల పిల్లలుంటారు. తన భాషకు అధ్యాపకుడు లేకున్నా, పాఠశాల పర్యవేక్షణలో మాతృభాషా సాహిత్యాన్ని స్వయంగా చదివి పరీక్ష రాసే అవకాశం ఆ డిప్లొమాలో ఉంది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు, కళాశాలలో ఆంగ్లం వినియోగించే మన విద్యార్థికి ఇట్టి తరగతి పరాయిది కాదు. పద్నాలుగు భాషలెరిగిన పండితుడని ప్రసిద్ధికెక్కిన పుట్టపర్తి నారాయణాచార్యులు ప్రొద్దుటూరులోనే నివసించారు. బహుభాషాజ్ఞానం మనకు వారసత్వమే. తన భాషను చక్కగా నేర్చినవాడే పరభాష నేర్చుకొనే బాలుని కష్టాన్ని గుర్తించగలడు.

ప్రవాసంలో జీతమున్నంతగా స్థిరత్వం ఉండదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినపుడు పాఠశాలలు మూతపడ్డాయి. దాదాపు 1,70,000 మంది భారతీయులను ప్రధానంగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాలలో స్వదేశానికి చేర్చారు. కూడబెట్టినదంతా అక్కడే వదిలి వచ్చినవారెందరో. వారి వెంట నిలిచినది విద్య ఒక్కటే. కనుక సంపాదనలో కొంత స్వదేశంలో నిలుపుకోవాలి. పట్టాలకు ప్రభుత్వ ధ్రువీకరణ చేయించుకోవాలి. జీతం, సెలవులు, వసతి, తిరుగు ప్రయాణపు ఖర్చు ఒప్పందంలో రాతపూర్వకంగా ఉన్నాయో లేదో చూడనిదే సంతకం చేయరాదు. పాస్‌పోర్టు ఎప్పుడూ తన దగ్గరే ఉంచుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! దూరదేశపు తరగతిగదికి కావలసిన సాధన ఈ కళాశాలలోనే ఆరంభం కావాలి. పక్కనున్న సహపాఠి భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి; పాఠంలో సందేహం కలిగితే లేచి అడగండి. రేపు మీరెక్కడ బోధించినా అక్కరకు వచ్చేవి ఈ రెండు అలవాట్లే.