టిక్కెట్టు కొని భయపడుట

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 14:22–33, లూకా 24:36–43



అక్టోబరు 31వ తేది యనగానే మన సంఘములలో అనేకులకు మార్టిన్ లూథరు జ్ఞాపకమునకు వచ్చును. 1517వ సంవత్సరమున ఆ తేదినాడే ఆయన విట్టెన్‌బర్గు పట్టణములో తన 95 వాదములను వెల్లడిచేసెను. గుంటూరు, రాజమండ్రి ప్రాంతముల లూథరను సంఘములవారు ఆ దినమును నేటికిని ఆచరించుచున్నారు. అయితే ఇంగ్లాండు, అమెరికా దేశములలో ఆ తేదికి హాలోవీను అను వేరొక పేరు కలదు. అక్కడ ఉద్యోగములు చేయుచున్న మన బిడ్డలు పంపు ఫోటోలు ఇప్పుడు పల్లెలోని ఫోనులకును వచ్చుచున్నవి. మనుమడు అస్థిపంజరపు చొక్కా తొడిగికొని నిలుచుండును. మనుమరాలు మొనదేలిన నల్లటోపీ పెట్టుకొని మంత్రగత్తె వేషమున నుండును. అవ్వతాతలు అది చూచి నవ్వవలెనో, మోకాళ్లూనవలెనో తెలియక సంఘకాపరిని అడుగుచున్నారు. అందుచేత దీనినే ఈ నెల పాఠముగా తీసికొంటిమి.

పేరును గూర్చి రెండు మాటలు చాలును. నవంబరు 1 సకల పరిశుద్ధుల దినము. దానికి ముందటి సాయంకాలమే హాలోవీను. పాత ఇంగ్లీషు భాషలో 'హాలో' అనగా పరిశుద్ధుడు. కాబట్టి ఆ పేరు పెట్టినది సంఘమే గాని మాంత్రికులు కారు. ఐర్లాండు, స్కాట్లాండు ప్రజలకు ఎండకాలము ముగిసి చలికాలము ప్రవేశించు ఆ దినములలో అంతకంటె పాతదైన పండుగ యొకటి యుండెను. ఆ రెండును కాలక్రమమున కలిసిపోయెను. నవంబరు 2న మనలో కొందరు సమాధులకు సున్నము వేసి, పూలుంచి, క్రొవ్వొత్తులు వెలిగించు సమాధుల పండుగయు ఈ వరుసలోనిదే.

ఇక ఆ దేశములో ఈ పండుగ ఎట్లు వ్యాపారమైనదో చూతము. ఇంగ్లాండునకు వాయవ్యమున, ఐరిష్ సముద్రపు ఒడ్డున, లాంకషైరు జిల్లాలో బ్లాక్‌పూల్ అను పట్టణమున్నది. 1846లో అక్కడికి రైలు వచ్చెను. ఆ జిల్లా నూలు మిల్లులలో పనిచేయు కూలివారు, మిల్లు మూసిన వారము దినములు కుటుంబములతో సముద్రపు గాలికి అక్కడికి పోవుచుండిరి. (మన చేనేతవారి మగ్గములను మూలపడవేసిన గుడ్డ ఆ మిల్లులదే. ఆ కూలివారికిని సుఖమైన బ్రదుకు లేకపోయెనని చెప్పుట న్యాయము.) 1894లో అక్కడ ఎత్తైన ఇనుప గోపురము కట్టిరి. 1896లో వినోదముల తోట యొకటి ప్రారంభమాయెను. ఎండకాలము దాటినను జనము రావలెనని సముద్రపు ఒడ్డున మైళ్ల పొడవున దీపములు వెలిగించు ఆచారమును ఏర్పరచిరి. అక్టోబరు నెలాఖరున అక్కడి బడులకు వారము దినములు సెలవు. సాయంకాలము ఐదు గంటలు కాకముందే ప్రొద్దు గ్రుంకును. చీకటి త్వరగా వచ్చు ఊరిలో, పిల్లలకు సెలవున్న వారములో, వర్తకుడు దేనిని అమ్మును? చీకటినే అమ్మును.

ఆ వినోదముల తోటలో 1930లో దయ్యపు రైలు నడిపిరి. అట్టి ఆటకు ఆ పేరు పెట్టుట అదే మొదలు. 1923 నాటి ఒక నాటకమునుండి ఆ పేరు తీసికొనిరి. ఇద్దరు కూర్చుండదగిన చిన్న బండి పట్టామీద చీకటి కొట్టములోనికి పోవును. పట్టా మెలికలు తిరిగి యుండును గనుక కొంచెము చోటులోనే చాల దూరము పోయినట్లుండును. ఎదుట ఏమున్నదో కనబడదు. ఏదో దారము ముఖమునకు తగులును. గంట మ్రోగును. ఉన్నట్టుండి వెలుగు పడి పుఱ్ఱె యొకటి మీదికి వచ్చును. 2011లో గోపురము క్రింద చెరసాల అను మరియొక ప్రదర్శన తెరచిరి. అందులో వేషధారులైన మనుష్యులే చీకటి గదులలో పూర్వకాలపు తెగుళ్లను, శిక్షలను ఆడి చూపుదురు. హాలోవీను దినములలో ఇట్టివి మరి ఎక్కువగును.

ఈ ఆటలలోని నేర్పు ఎక్కడనున్నదో మనము గమనింపవలెను. పుఱ్ఱె ఎవరికైనను దొరకును. నేర్పంతయు పుఱ్ఱెకు ముందటి నిరీక్షణలో నున్నది. ఇప్పుడు వచ్చును, ఇప్పుడు వచ్చును అని ఎంతసేపు నిలిపిన అంత భయము. గుండె వడిగా కొట్టుకొనును, నోరెండును, అరచేతులు చెమర్చును. మూత్రపిండములపై నున్న గ్రంథులు పారిపోవుటకో పోరాడుటకో కావలసిన రసమును రక్తములోనికి వదలును. బండి బయటి వెలుగులోనికి వచ్చినప్పుడు ఆ బలమంతయు నవ్వుగా మారిపోవును. మన తిరునాళ్లలో మృత్యుకూపములో మోటారు సైకిలు తిరుగుచుండగా అంచును పట్టుకొని చూచువారి సంగతియు ఇట్టిదే. ఆపద లేదని లోపల తెలిసియుండుటచేతనే ఆ భయము ఆట యగుచున్నది. ఆపద నిజముగా వచ్చినప్పుడు అది ఆట కాదు. 1979 జూనులో ఆస్ట్రేలియాలోని సిడ్నీ రేవు ఒడ్డున నున్న వినోదముల తోటలో దయ్యపు రైలు కొట్టము అంటుకొని ఆరుగురు పిల్లలును ఒక పెద్దవాడును చనిపోయిరి.

బ్లాక్‌పూల్ వర్తకుని పక్షముగా ఒక మాట చెప్పుదుము. అతడు బయటికి పోవు ద్వారమును మూయడు. కొద్ది నిమిషములలో తానే తెరచును; టిక్కెట్టు వెలకు మించి తీసికొనడు. భయమును అమ్మువారందరు ఇంత న్యాయముగా నుండరు.

అదే లాంకషైరు జిల్లాలో పెండిల్ అను కొండ కలదు. 1612వ సంవత్సరమున ఆ కొండ ప్రాంతమువారిని మంత్రగత్తెలని పట్టి లాంకస్టరు పట్టణమున విచారించిరి. ఆగస్టు నెలలో పదిమందిని ఉరితీసిరి. ముసలిది యొకతె విచారణకు ముందే చెరలో చనిపోయెను. సాక్ష్యము చెప్పినవారిలో సుమారు తొమ్మిదేండ్ల బాలిక యున్నది. ఆమె చెప్పినది తన కన్నతల్లికి విరోధముగా. తల్లి కేకలు వేయుచుండగా ఆమెను బయటికి తీసికొనిపోయి, బిడ్డను బల్లమీద నిలిపి చెప్పించిరి. తీర్పు తీర్చినవారు బైబిలు చదువని వారు కారు. నేడు ఆ ప్రాంతమున మొనదేలిన టోపీ పెట్టిన మంత్రగత్తె బొమ్మలను పర్యాటకులకు అమ్ముచున్నారు. మన మనుమరాలి టోపీకి వెనుక అట్టి కథ యొకటి యున్నదని ఆ బిడ్డకు తెలియదు. తెలియకపోవుట ఆమె తప్పును కాదు.

అయితే మనకు ఆ కథ దూరమైనదా? మన జిల్లాలలో చేతబడి, బాణామతి అను మాట పుట్టినచో ఏమి జరుగుచున్నదో మనమెరుగుదుము. ఒకరి గేదె చచ్చును. ఒక బిడ్డకు జ్వరము దిగదు. వీధి చివరనున్న విధవరాలిమీదనో, ఒంటరి ముసలివానిమీదనో కన్ను పడును. తెలంగాణ పల్లెలలో అట్టివారిని చెట్టునకు కట్టి పండ్లు ఊడగొట్టిరి, కొందరిని చంపిరి. ఆ భయమునకు టిక్కెట్టు లేదు, బయటికి ద్వారమును లేదు. భూతవైద్యుడు భయమును పోగొట్టుటకు వచ్చినవానివలె వచ్చి దానిని నిలిపియుంచును. వచ్చే అమావాస్య వరకు ఆగుమనును. కోడి యనును, మేక యనును, వేలరూపాయలు అనును. దయ్యపు రైలు నడుపువాడు నిమిషములు నిలుపుదానిని ఇతడు సంవత్సరములు నిలుపును.

సంఘములోనివారమైన మనము ఈ లెక్కనుండి తప్పించుకొనజాలము. అమెరికాలో వర్జీనియా రాష్ట్రమందలి లించ్‌బర్గు పట్టణమున 1972లో క్రైస్తవ కళాశాలవారే హాలోవీను కాలమున ఒక భయాల యిల్లు ప్రారంభించిరి. చావును చూపు గదులగుండ యౌవనస్థులను నడిపించి, చివరి చోట క్రీస్తును గూర్చి చెప్పుట దాని పద్ధతి. తరువాత అట్టివి అనేక సంఘములలో పుట్టెను; కొన్నింటిలో నరకమునే ఒక గదిగా చేసిరి. వారి ఉద్దేశమును మేము శంకింపము. అయినను భయముచేత లోపలికి వచ్చినవాడు, గుండె నెమ్మదించిన తరువాత ఎంతకాలము నిలుచును? మన ఉజ్జీవ కూటములలోను రాత్రి పదకొండు గంటల వరకు నరకాగ్నిని వర్ణించి, బిడ్డలు తల్లుల కొంగులలో ముఖము దాచుకొను వరకు ఆపని బోధకులున్నారు. ఆ భయము చల్లారకముందే కానుక సంచి త్రిప్పుట మరియు తప్పు. మూర్ఛ వచ్చిన పిల్లను దయ్యము పట్టినదని కూటమునకు తెచ్చి జుట్టు పట్టి ఈడ్చుట, కొట్టుట ప్రార్థన కానేరదు. ప్రార్థన చేయుడి, చేసి ప్రభుత్వాసుపత్రికి తీసికొనిపోవుడి. మూర్ఛకు మందులున్నవి.

ఇప్పుడు మత్తయి 14వ అధ్యాయము తెరచి చూతము. ఇదియు నీటి ఒడ్డు కథయే. పడవలోనున్నవారిలో పలువురు ఆ సముద్రముమీదనే పెరిగిన జాలరులు. ఎదురుగాలి, రాత్రి నాలుగవ జాము, అలసిన చేతులు. నీటిమీద నడచి వచ్చుచున్న ఆకారమును చూచి భూతమని తలంచి కేకలు వేసిరి. జాలరి భయమును ఎవరును ఎగతాళి చేయకూడదు. ఇంగ్లాండు తూర్పు తీరమున విట్‌బీ అను జాలరుల ఊరున్నది. 1897లో అచ్చయిన డ్రాకులా నవలలో ఆ ఊరు వచ్చుటచేత, అక్టోబరు చివరను నల్లదుస్తులవారు అక్కడ గుంపులుగా చేరుదురు. కొండమీది గుడికి వచ్చినవారు డ్రాకులా సమాధి ఎక్కడనని అడుగుచుండుటచేత, అట్టిది లేదు, దయచేసి అడుగవద్దని సంఘమువారు పలక పెట్టవలసివచ్చెను. ఆ ఊరివారి నిజమైన రాత్రి వేరు. 1861 ఫిబ్రవరిలో గాలివానలో చిక్కిన ఓడలవారిని రక్షింపబోయిన పడవ ఒడ్డునున్నవారి కన్నుల యెదుటనే తలక్రిందులై, పదుముగ్గురిలో పన్నిద్దరు మునిగిపోయిరి. బెండు చొక్కా తొడిగికొన్న ఒక్కడు బ్రదికెను. మచిలీపట్నము, నిజాంపట్నము జాలరి కుటుంబములకు మేము ఇంతకంటె చెప్పనక్కరలేదు.

గలిలయ జాలరులు కేకవేసినప్పుడు ప్రభువు ఏమి చేసెను? ఆ వచనములో 'వెంటనే' అను మాటను గుర్తించుడి. పాఠము చెప్పువారు దానిక్రింద గీత గీయుడి. ఆయన మరికొంత దూరము మాటలేక నడచి వచ్చియుండవచ్చును. వారి భయము పక్వమైన తరువాత తన్ను ఎరుకపరచుకొనినచో ఆశ్చర్యము ఇంకను ఎక్కువై యుండును; ఆటలు నడుపు ఎవరైనను అట్లే చేయుదురు. ఆయన కేకకును మాటకును నడుమ ఖాళీ ఉంచలేదు. మీరేల కేకలు వేసిరని గద్దింపను లేదు. పేతురుతో అల్పవిశ్వాసమను మాట తరువాత వచ్చినది. అదియు చేయిచాచి పట్టుకొనిన తరువాతనే.

అవ్వతాతల ప్రశ్నకు వత్తము. ఆ ఫోటోను చూచి సాతాను ఇంట ప్రవేశించెనని ఏడ్వనక్కరలేదు. అన్నము తినకపోతే బూచాడు వచ్చునని మన యిండ్లలో చెప్పిన భయము, ఆ కాగితపు టోపీ భయముకంటె తక్కువది కాదు. ఫోనులో ఆ బిడ్డను అడుగుడి: రాత్రి భయమైనదా? దీపమార్పి పడుకొనగలిగితివా? అయినదని చెప్పినచో మరుసటి ఆదివారము వరకు ఆగక, అప్పుడే ఆ ఫోనులోనే ప్రార్థన చేయుడి. ఊరిలో ఎవరిమీదనైనను చేతబడి మాట పుట్టినచో సంఘపెద్దలు ఆ రాత్రియే ఆ యింటికి పోయి గడపలో కూర్చుండవలెను; పోలీసువారికి కబురు పంపవలెను. ఉదయము పోవుదమనుకొనుట కొన్ని ఊళ్లలో ఆలస్యమైపోయినది.

లూకా 24వ అధ్యాయములో శిష్యులు మరియొకసారి అదే పొరపాటు పడిరి. తలుపులోపల నున్న తమ మధ్య ఆయన నిలిచినప్పుడు ఆత్మ యనుకొని వణకిరి. ఆయన చేతులు చూపెను, కాళ్లు చూపెను, తాకి చూడుమనెను. సంతోషముచేత వారికి ఇంకను నమ్మిక కుదరనప్పుడు, తినుటకేమైన ఉన్నదా యని అడిగెను. వారియొద్ద కాల్చిన చేప యుండెను. చేపలమీదనే బ్రదికిన మనుష్యులు వారు. తినువానిని తిననివానిని ఎరుగుదురు. వారు చూచుచుండగా ఆయన తినెను. భయము ఏ ఘడియలో విడిచినదో లూకా వ్రాయలేదు. చేప సంగతి చెప్పి, తరువాతి మాటకు పోయెను.