ఆటకు కర్త ఎవరు?
(ఒక హాస్య యానిమేషన్ ధారావాహికపై అధ్యయనము)

కావ్యానికి కవి పేరు నిలుచును. చిత్రానికి చిత్రకారుని పేరు నిలుచును. గజల్ చివరి షేర్‌లో షాయరు తన పేరు తానే పొదిగి పోవును. కాని ఇరవయ్యవ శతాబ్దం పుట్టించిన ఒక కొత్త కళలో, కొంతకాలం పాటు, కర్తకు పేరే లేకపోయినది. ఆ కళ వీడియో ఆట. ఆ పేరులేని కర్తల జీవితాన్ని తీసుకొని అమెరికాలో ఒక హాస్య యానిమేషన్ ధారావాహిక వెలువడినది. దాని పేరు 'కోడ్ మంకీస్'. కంప్యూటరు విద్య నభ్యసించి నగరాలకు తరలిపోవుచున్న మన ఖమ్మం, భద్రాచలం ప్రాంతపు విద్యార్థులకు ఆ నవ్వుల వెనుక ఒక పాఠము కలదు. దానిని పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశము.

1. ధారావాహిక స్వరూపము

ఈ ధారావాహిక 2007 జూలైలో జీ4 అనే ఛానెలులో ప్రారంభమై, 2008లో ముగిసినది. రెండు భాగాలలో మొత్తం 26 కథలు. సృష్టికర్త ఆడమ్ డి లా పేన్యా. కథాకాలం 1980 దశకపు తొలి సంవత్సరాలు. కథాస్థలం కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణం. అక్కడ 'గేమావిజన్' అనే కల్పిత సంస్థలో వీడియో ఆటలు తయారు చేసే ఉద్యోగులే ఇందలి పాత్రలు. యాపిల్ సంస్థాపకులలో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ మొదటి కథలో తానే తన పాత్రకు గొంతునిచ్చినారు. కథలో ఆయన తన సంస్థను టెక్సస్ నుండి వచ్చిన లారిటీ అనే ధనికునికి అమ్మివేయును. ఆ లారిటీకి ఆటల సంగతి ఏమియు తెలియదు; తెలిసినది లాభమొక్కటే. డేవ్ అనే ప్రోగ్రామరు పని ఎగవేయుటలో దిట్ట. అతని మిత్రుడు జెర్రీ జంకుతూ, నియమాలకు లోబడి పనిచేయువాడు. ఆ బృందంలో ఆటలు రూపొందించే స్త్రీ మేరీ ఒక్కతియే.

దీని చిత్రణలో ఒక విశేషము కలదు. దృశ్యమంతయు ఆ కాలపు ఆటల వలెనే చదరపు చుక్కలతో గీయబడినది. తెర అంచులలో ఆటలోని వలె అంకెలు, గుర్తులు మారుచుండును. ఆటలు చేసే మనుషుల జీవితమే ఎవరో ఆడించే ఆటగా కనిపించును. నవ్వు పుట్టించే ఉపాయమే ఇచ్చట విమర్శగా మారినది.

దోషాలను కూడ చెప్పవలెను. ఇది పెద్దల కొరకు చేసినది. మోటు మాటలు, మత్తు పదార్థాల ప్రస్తావన, స్త్రీలను చులకన చేసే హాస్యం ఇందులో అధికము. సంఘంలోని దోషాన్ని చూపి నవ్వించుట వేరు, దోషాన్నే రుచిగా వడ్డించుట వేరు. 'కన్యాశుల్కం' చదివిన తెలుగు పాఠకునికి ఈ భేదం విప్పి చెప్పనక్కరలేదు. ఈ ధారావాహిక పెక్కు చోట్ల ఆ గీత దాటినది. కాబట్టి దీనిని ఆదర్శంగా గాక, అధ్యయన వస్తువుగా మాత్రమే గ్రహించవలెను.

2. హాస్యం వెనుకటి చరిత్ర

సన్నీవేల్ అనే ఊరిని రచయిత ఊరకనే ఎన్నుకొనలేదు. 1972లో నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ అనే ఇద్దరు స్థాపించిన అటారీ సంస్థకు ఆ ఊరే కేంద్రము. 1976లో ఆ సంస్థను వార్నర్ సంస్థ సుమారు 2 కోట్ల 80 లక్షల డాలర్లకు కొనినది. 1977లో ఇంటి టెలివిజనుకు తగిలించి ఆడుకొనే అటారీ యంత్రం మార్కెట్టుకు వచ్చినది. ఆ యంత్రపు జ్ఞాపకశక్తి కేవలం 128 బైట్లు. ఒక్కొక్క కార్ట్రిడ్జిలో ఆట మొత్తానికి సాధారణంగా 4096 బైట్లకు మించి చోటు ఉండేది కాదు. ఈ వ్యాసంలోని ఒక్క పేరా తెలుగు అక్షరాలను నేటి కంప్యూటరులో భద్రపరచినచో 128 బైట్లు ఏ మూలకును చాలవు. అంతటి ఇరుకులో ఆటకు ఊహ, బొమ్మ, ధ్వని, నియమాలు అన్నింటిని తరచు ఒక్క మనిషియే సమకూర్చేవాడు. అనగా ఆ ఆటకు కవి, చిత్రకారుడు, గాయకుడు ఒక్కడే. అయినను పెట్టెపై సంస్థ పేరే గాని అతని పేరు ఉండేది కాదు.

ధారావాహిక పేరులోని ఎత్తిపొడుపు ఇదియే. చెప్పిన సంకేతాలను ఆలోచన లేక వ్రాసిపెట్టువాడని ప్రోగ్రామరును హేళన చేయుచు 'కోడ్ మంకీ' అందురు. వానరుడన్న మాట అక్కడ తిట్టు. భద్రాచల క్షేత్రపు నీడలో పెరిగిన మనకు మాత్రం మరొక వానరుడు తెలియును. రామాయణంలో సముద్రంపై వారధి నిర్మించినవాడు నలుడనే వానరుడు. దానిని కట్టించినది రాముడే అయినను, కట్టిన వాని పేరుమీద అది 'నలసేతువు' అయినది. పనిచేసిన వానరుని పేరును ఇతిహాసం మరువలేదు. ఆధునిక పరిశ్రమ మరచినది.

3. కనిపించని చుక్క

పేరు దక్కని కర్తలు ఏమి చేసినారు? చరిత్రలో రెండు మార్గాలు కనిపించుచున్నవి.

మొదటి మార్గం వారెన్ రాబినెట్‌ది. ఆయన అటారీ కొరకు 'అడ్వెంచర్' అనే ఆటను రూపొందించినారు. కోటలు, చిట్టడవి వంటి దారులు, డ్రాగన్లు గల ఆ ఆటలో ఎవరికిని చెప్పకుండ ఒక రహస్యపు గదిని నిర్మించినారు. నేల రంగులోనే కలిసిపోయే ఒకే ఒక్క చుక్కను వెదికి పట్టి, తగిన చోటికి మోసుకొనిపోయినవారికే ఆ గది ద్వారం తెరుచుకొనును. లోపల ఈ ఆటను సృష్టించినది వారెన్ రాబినెట్ అని మెరిసే అక్షరాలు కనిపించును. ఆయన 1979లోనే ఉద్యోగం వదలినారు; ఆట 1980లో వెలువడినది. సంస్థకు సంగతి తెలిసినది ఆట ఆడిన ఒక బాలుడు వ్రాసిన ఉత్తరం ద్వారానే. ఇటువంటి దాగుడు వస్తువులను ఆ పరిశ్రమలో 'ఈస్టర్ ఎగ్' అని పిలుచుట తరువాత ఆచారమైనది.

రెండవ మార్గం బహిరంగమైనది. 1979లోనే డేవిడ్ క్రేన్, లారీ కాప్లాన్, ఆలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు ప్రోగ్రామర్లు అటారీని వదలి, సంగీత రికార్డుల వ్యాపారం ఎరిగిన జిమ్ లీవీతో కలిసి 'ఆక్టివిజన్' అనే సంస్థను స్థాపించినారు. పుస్తకానికి రచయిత వలె ఆటకును రచయిత ఉండవలెనని వారి వాదము. ఆటతో ఇచ్చే చిన్న పుస్తకంలో కర్త పేరు, ఛాయాచిత్రం ముద్రించినారు. అటారీ న్యాయస్థానానికి వెళ్ళినది. 1982లో రాజీ కుదిరినది. ఆ సంవత్సరమే క్రేన్ రచించిన 'పిట్‌ఫాల్', కరోల్ షా అనే మహిళ రచించిన 'రివర్ రెయిడ్' వారి పేర్లతోనే వెలువడినవి. కథలోని మేరీని చూచి నవ్వుకొనువారు నిజ చరిత్రలోని కరోల్ షాను కూడ ఎరిగియుండవలెను.

పేరుతో కీర్తి మాత్రమే గాక నిందయు వచ్చును. 1982లో 'ఈ.టి.' చలనచిత్రం ఆధారంగా ఒక ఆటను హోవర్డ్ స్కాట్ వార్షా సుమారు ఐదు వారాలలో ముగించవలసి వచ్చినది. ఆట విఫలమైనది. అమ్ముడుపోని కార్ట్రిడ్జిలను 1983లో న్యూ మెక్సికో రాష్ట్రపు అలమొగార్డోలో పాతిపెట్టినారు. 2014లో త్రవ్వి తీసినారు. ఆ దేశపు ఇంటి వీడియో ఆటల వ్యాపారం 1983లో సుమారు 320 కోట్ల డాలర్లు ఉండగా, 1985 నాటికి సుమారు 10 కోట్లకు కూలినదని చెప్పుదురు. ఆ నింద చాలకాలం వార్షా ఒక్కరి మీదనే మోపబడినది. ఐదు వారాల గడువు పెట్టినవారిని ఎవరును తలచలేదు. కర్త పేరు వ్రాయుట ఎంత అవసరమో, గడువు నిర్ణయించిన వాని పేరు వ్రాయుట కూడ అంతే అవసరమని ఈ ఉదంతం చాటుచున్నది.

4. ముద్ర – మఖ్తా

రాబినెట్ దాచిన చుక్కను చూచినపుడు మన సాహిత్య విద్యార్థికి రెండు సంగతులు తోచకపోవు.

పదిహేడవ శతాబ్దంలో మన నేలకొండపల్లి బిడ్డ కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహశీల్దారుగా ఉండి, భద్రాద్రి ఆలయం కట్టించి, గోల్కొండలో చెర అనుభవించినారు. ఆయన కీర్తనల చివరి చరణంలో రామదాసు అనే ముద్ర వినిపించును. కీర్తనలు నోటి నుండి నోటికి ప్రాకినవి. అయినను కర్త పేరు పాట నుండి విడిపోలేదు. పేరు తీసివేసినచో చరణమే విరుగును. రచనా హక్కుల చట్టాలు పుట్టకముందు అదియే కర్తకు రక్షణ.

ఉర్దూ గజల్‌లో ఇదే పని మఖ్తా చేయుచున్నది. మీర్ గాని, గాలిబ్ గాని, చివరి షేర్‌లో తన తఖల్లుస్‌ను అర్థంలో కలిపి చెప్పును. ఖమ్మంలో చదువుకొన్న దాశరథి కృష్ణమాచార్యులు గాలిబ్‌ను తెలుగులోకి తెచ్చి, మన రెండు భాషలకు వారధి కట్టినారు. అనువాదం వలన గాలిబ్ పేరు చెరగలేదు. దాశరథి పేరును నిలిచినది. ఒకరి పేరు నిలిపినంత మాత్రాన మరొకరి పేరు తరగదు.

ఇక అడవి అంచున చూడుడు. మణుగూరు మండలంలోని కూనవరం గ్రామవాసి సకిని రామచంద్రయ్య గారు కోయ వీరుల గాథలను డోలు వాయించుచు గానం చేసినవారు. 2022లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించబడిన తరువాత గాని చాలమంది నగరవాసులకు ఆయన పేరు తెలియలేదు. 2024లో ఆయన కీర్తిశేషులైనారు. ఆ గాథలను ఆయనకు ముందు తరతరాలుగా నిలిపిన గాయకులెందరో! వారి పేర్లు ఏ పుటలో వెదకగలము?

5. హైదరాబాదు వరకు వచ్చిన ప్రశ్న

ఇది ఎక్కడో అమెరికాలో ముగిసిన కథ కాదు. 2001లో రాజీవ్ చిలక హైదరాబాదులో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ సంస్థను స్థాపించినారు. 2008 నుండి 'ఛోటా భీమ్' దేశమంతట పిల్లలను అలరించినది. భీముని ఎరుగని పిల్లవాడు లేడు. భీముని చేయి కదిలించిన చిత్రకారులను ఎరిగినవారు అరుదు. రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా సంస్థకు హైదరాబాదులో కూడ ఒక శాఖ ఉండేది. ఆ సంస్థ పనిచేసిన 'లైఫ్ ఆఫ్ పై' చిత్రం 2013 ఫిబ్రవరిలో దృశ్య ప్రభావాలకు ఆస్కార్ గెలిచినది. ఆ నెలలోనే, బహుమతికి కొద్ది దినముల ముందు, ఆ సంస్థ దివాలా పిటిషను దాఖలు చేసినది. పులి తెరపై గర్జించినది. దానిని గీసిన చేతులకు జీతం ప్రశ్నార్థకమైనది.

మరొక విచిత్రము. పేరు కొరకు నలుగురు ప్రోగ్రామర్లు స్థాపించిన ఆక్టివిజన్, కాలక్రమేణ మహాసంస్థగా పెరిగి, 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వశమైనది. వెల సుమారు 6,870 కోట్ల డాలర్లు. ఆ సమయమున మైక్రోసాఫ్ట్ అధిపతి హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ళ. అందరికంటె పైనున్నవాని పేరు లోకం తానే చెప్పుకొనును. క్రింద పనిచేయువాని పేరును ఎవరైన శ్రద్ధతో వ్రాసి పెట్టవలెను.

6. మన కర్తవ్యము

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు ఇట్టి సంస్థలలో చేరుదురు. చేరునాడు జీతంతో పాటు, మీ పని మీ పేరుతో వెలువడునా అని అడుగుడు. ఒప్పందపు కాగితాన్ని చదివి సంతకం చేయుడు. తోటివాని పనికి మీ పేరు తగిలించకుడు. పేరు దాచుట అన్యాయమైనచో, పేరు మార్చుట అంతకు మించిన అన్యాయము. ప్రయోగశాలలో నలుగురు కలిసి చేసిన ప్రోగ్రాముకు నలుగురి పేర్లును వ్రాయుడు. మూలలో కూర్చుండి రాత్రియంతయు తప్పులు దిద్దిన అమ్మాయి పేరు మొదట వ్రాయుడు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. కంప్యూటరు అక్షరాలు రాకముందు ఉర్దూ పత్రికల పుటలను కాతిబులు చేతితో వ్రాసేవారు. వారి చేతివ్రాతనే మనం చదివినాము, పేర్లు మాత్రం మరచినాము. ఇట్టి సంచికలో వ్యాసకర్తల పేర్లతో పాటు ముఖచిత్రం గీసినవారు, ఉర్దూ, తెలుగు పుటలను కంపోజు చేసినవారు, అచ్చుతప్పులు దిద్దినవారు, అనువదించినవారి పేర్లను కూడ ఒక పుటలో ముద్రించిన బాగుండును. దానికి అయ్యే వ్యయం ఒక్క పుట మాత్రమే. అట్లు చేసినచో, మన విద్యార్థి ఎవడును తన పేరును కనిపించని చుక్కలో దాచుకొనవలసిన అవసరముండదు.