సందేహాలు – సమాధానాలు: లష్కర్ మీదుగా రోప్‌వే

గోల్కొండ కోట నుంచి కుతుబ్‌షాహీ సమాధుల దాకా సుమారు కిలోమీటరున్నర రోప్‌వే వేయాలని హెచ్‌ఎండీఏ ఆలోచిస్తున్న సంగతి పత్రికల్లో వచ్చింది. అప్పటి నుంచి ఈ శీర్షికకు తీగబళ్ల మీద ఉత్తరాలు ఆగడం లేదు. వింత ఏమిటంటే, ఎక్కువ ఉత్తరాలు మనం లష్కర్ అని పిలుచుకునే సికింద్రాబాద్‌లో, స్టేషన్ చుట్టుపక్కల నుంచే వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో జవాబులు.

ప్రశ్న: *స్టేషన్ ఎదుటి సందులో మాకు చిన్న లాడ్జి ఉంది. మెట్రో వచ్చాక రైలు దిగినవాళ్లు దిగినట్టే వెళ్లిపోతున్నారు. స్టేషన్ నుంచి ట్యాంక్‌బండ్‌కు రోప్‌వే పడితే టూరిస్టులు మా బజార్‌లో ఆగుతారని, వ్యాపారం పుంజుకుంటుందని మా సంఘంలో కొందరు గట్టిగా అంటున్నారు. నమ్మవచ్చా?*
– లాడ్జి యజమాని, రెజిమెంటల్ బజార్

జవాబు: సగమే నమ్మండి. రోప్‌వే వల్ల వ్యాపారం పెరిగిన ఊళ్లూ ఉన్నాయి, రోప్‌వేనే మూతపడిన ఊళ్లూ ఉన్నాయి.

అందరూ చెప్పే ఉదాహరణ కొలంబియాలోని మెడెయిన్ నగరం. 2004లో అక్కడ మెట్రో స్టేషన్ నుంచి కొండవాలు మీది పేదల బస్తీలకు తీగమార్గం వేశారు. అంతకుముందు ఆ బస్తీలవాళ్లు నిటారు మెట్లు దిగి, కిక్కిరిసిన మినీ బస్సులు పట్టుకుని పనికి వెళ్లేవారు. తీగ పడ్డాక ప్రయాణం సులువైంది, కొండమీది స్టేషన్ల చుట్టూ దుకాణాలు లేచాయి. అయితే ఆ నగరపాలకులు తీగ ఒక్కటే వేసి ఊరుకోలేదు. దాని వెంటే గ్రంథాలయం, బడులు, పార్కులు, నడిచే దారులు కట్టారు. మన దగ్గర ప్రతిపాదనలు రాసేవాళ్లు ఆ రెండో భాగాన్ని చాలాసార్లు మరిచిపోతారు.

బ్రెజిల్‌లోని రియోలో 2011లో కొండబస్తీల మీదుగా అలాంటిదే ఘనంగా మొదలుపెట్టారు. 2016లో ఆగిపోయింది. లండన్‌లో 2012 ఒలింపిక్స్ ముందు థేమ్స్ నది మీదుగా వేశారు. అది బాగానే నడుస్తోంది కానీ ఎక్కేవాళ్లలో ఎక్కువమంది నదిని పైనుంచి చూడటానికి వచ్చినవాళ్లే. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు తక్కువ.

ఇక మీ సంగతి. ఇలాంటి బండి వల్ల వ్యాపారం జరిగేది మనిషి ఎక్కేచోట, దిగేచోట మాత్రమే. రోప్‌వే స్టేషన్‌ను రైల్వే స్టేషన్ భవనంలోనే పై అంతస్తులో కట్టారనుకోండి. ప్రయాణికుడు ప్లాట్‌ఫారం మీద నుంచి లిఫ్టు ఎక్కి నేరుగా క్యాబిన్‌లో కూర్చుంటాడు, మీ సందు మొహం కూడా చూడడు. ఇంజినీర్లు దీన్నే మంచి డిజైన్ అంటారు. ప్రయాణికుడికి అది నిజంగా మంచిదే. మీకు కాదు. అదే స్టేషన్‌ను బజార్ అవతలి కొసన పెడితే ప్రతి ప్రయాణికుడూ మీ దుకాణాల ముందు నుంచి నడవాలి. మీ సంఘం తీగ ఎటు పోతుందన్న చర్చ మాని, మెట్లు ఎక్కడ దిగుతాయని అడగడం మొదలుపెట్టాలి.

ప్రశ్న: *నేను రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషిని. మెట్రో, ఎంఎంటీఎస్ ఉండగా ఈ ఉయ్యాలబళ్లు ఎంతమందిని మోస్తాయి? మాటలు కాదు, లెక్క చెప్పండి.*
– చిలకలగూడ

జవాబు: లెక్కే చెబుతాను. ఊళ్లలో ఎక్కువగా వాడేది ఒకే తీగ రకం. ఆ తీగే మోస్తుంది, అదే లాగుతుంది. స్టేషన్‌లోకి రాగానే క్యాబిన్ తీగ పట్టు వదిలి నడక వేగానికి తగ్గుతుంది, జనం ఎక్కాక మళ్లీ పట్టుకుంటుంది. బయట వేగం సెకనుకు 5 నుంచి 6 మీటర్లు, అంటే గంటకు 20 కిలోమీటర్ల దరిదాపు. పదిమంది పట్టే క్యాబిన్ 12 సెకన్లకు ఒకటి వస్తే గంటకు 300 క్యాబిన్లు, ఒక దిక్కుకు 3,000 మంది. అరవై మందితో వెళ్లే సిటీ బస్సులైతే గంటకు యాభై కావాలి. కాబట్టి చులకనగా చూడదగ్గదేమీ కాదు. మూడు తీగలవి ఇంకా ఎక్కువ మోస్తాయి, 5,000 దాటిస్తాయి. ఖర్చూ అలాగే ఉంటుంది.

మెట్రోతో పోల్చండి. మన మూడు బోగీల మెట్రో రైలు సుమారు వెయ్యిమందిని మోస్తుంది. అయిదు నిమిషాలకొకటి వచ్చినా గంటకు 12,000 మంది. ఖర్చు చూస్తే, వారణాసిలో తలపెట్టిన రోప్‌వే అంచనా దాదాపు రూ.645 కోట్లు, పొడవు నాలుగు కిలోమీటర్ల లోపు. కిలోమీటరుకు రూ.170 కోట్లు దాటింది. హైదరాబాద్ మెట్రో మొదటి దశ 69 కిలోమీటర్లకు కిలోమీటరు రూ.300 కోట్ల పైమాటే. అంటే రోప్‌వే ధర సగం, మోసేది పావు.

రైల్వేలో పనిచేసినవారు కాబట్టి మీకు వెంటనే అర్థమయ్యే చిక్కు ఇంకొకటి ఉంది. తీగబండి నిదానంగా, ఆగకుండా మోస్తుంది. సికింద్రాబాద్ జనం అలా రారు, బండి బండికీ కట్టతెగినట్టు వస్తారు. ఒక ఎక్స్‌ప్రెస్ నుంచి వెయ్యిమంది దిగి, అందులో సగం రోప్‌వే వైపు వచ్చారనుకోండి. నిమిషానికి 50 మంది చొప్పున ఆ 500 మంది వెళ్లడానికి పది నిమిషాలు. ట్రంకుపెట్టెలు, బియ్యం సంచులు, పసిపిల్లలతో వచ్చేవాళ్లయితే పదిమంది పట్టే క్యాబిన్‌లో అయిదారుగురే కూర్చుంటారు. అప్పుడు ఇరవై నిమిషాలు. ఈలోపు పక్క ప్లాట్‌ఫారం మీదకు ఇంకో బండి వస్తుంది. లష్కర్ బోనాలనాడు ఉజ్జయిని మహంకాళి గుడికి వచ్చే జనం సంగతి నేను లెక్కలోకే తీసుకోలేదు.

ప్రశ్న: *కాశీకి పనికొచ్చింది మనకెందుకు పనికిరాదు సార్? అక్కడా రైల్వే స్టేషన్, అక్కడా ఇరుకు సందులే కదా?*
– ఇంజినీరింగ్ విద్యార్థి, శివాజీనగర్

జవాబు: మంచి ప్రశ్న. మన దేశంలో గుట్టలెక్కడానికి కాకుండా ఊళ్లో రాకపోకల కోసమే తలపెట్టిన రోప్‌వేల్లో ముందువరసలోది వారణాసిదే. 2023 మార్చి 24న ప్రధాని శంకుస్థాపన చేశారు. కంటోన్మెంట్ స్టేషన్ నుంచి విద్యాపీఠ్, రథయాత్ర, గిర్జాఘర్ మీదుగా గొదౌలియా చౌరస్తా దాకా వెళుతుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన బార్తొలెట్ కంపెనీతో కలిసి దాన్ని కడుతున్నది మన తెలుగువాళ్ల విశ్వసముద్ర సంస్థ. కేంద్రం 2022–23 బడ్జెట్‌లో ప్రకటించిన పర్వతమాల పథకం కింద వచ్చింది ఇది. పేరు పర్వతమాల, కాశీలో పర్వతమే లేదు!

కాశీలో ఒక కొస రైలు, ఇంకో కొస విశ్వనాథుడి గుడి, దశాశ్వమేధ ఘాట్. యాత్రికుడికి కావలసినవి ఆ రెండే. మధ్యలో రోడ్డు వెడల్పు చేయలేరు, ఆ ఊళ్లో మెట్రో లేదు. సికింద్రాబాద్ స్టేషన్‌కు అటూ ఇటూ రెండు మెట్రో స్టేషన్లున్నాయి. తూర్పు స్టేషన్ నాగోల్–రాయదుర్గం మార్గంలోది, పడమటిది 2020 ఫిబ్రవరిలో మొదలైన జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలోది. ఎంఎంటీఎస్ 2003 నుంచీ ఉంది. రేతిఫైల్ బస్‌స్టాండ్ పక్కనే ఉంది. ఇన్ని ఉన్నచోట మరో బండి తేవడం కంటే ఉన్నవాటిని కలపడం చౌక.

రోప్‌వేకి అసలైన చోటు నేలమీద అడ్డు ఉన్నచోటే. కొండ, నది, లోయ, దాటలేని రైలుపట్టాల వరస, వీటిలో ఏదో ఒకటి ఉండాలి. బొలీవియాలో లా పాజ్‌కు, పైనున్న ఎల్ ఆల్టోకు మధ్య ఎత్తు తేడాయే సుమారు 400 మీటర్లు. 2014లో ఒక మార్గంతో మొదలై పది మార్గాలకు పెరిగిందంటే కారణం అదే. శ్రీశైలంలో పాతాళగంగకు, విశాఖ కైలాసగిరికి తీగ వేసినప్పుడు ఎవరూ ఎందుకని అడగలేదు. చదునైన రెజిమెంటల్ బజార్ మీదుగా వేస్తామంటే అడగాలి.

ప్రశ్న: *కరెంటు పోతే మధ్యలో వేలాడాల్సిందేనా? దేవఘర్‌లో జరిగింది టీవీలో చూసినప్పటి నుంచి ఆ పేరెత్తితేనే భయం.*
– గృహిణి, భోయిగూడ

జవాబు: కరెంటు పోవడం పెద్ద విషయం కాదమ్మా. కొత్త రోప్‌వేలకు రెండు వైపుల నుంచి సరఫరా, పైన డీజిల్ ఇంజిను ఉంటాయి. నెమ్మదిగానైనా క్యాబిన్లన్నిటినీ స్టేషన్‌కు చేరుస్తాయి. 2022 ఏప్రిల్ 10న జార్ఖండ్‌లోని దేవఘర్ దగ్గర, త్రికూట పర్వతం మీది రోప్‌వేలో జరిగింది వేరు. తీగ వ్యవస్థలోనే లోపం వచ్చి క్యాబిన్లు గుద్దుకున్నాయి, ముగ్గురు చనిపోయారు, మిగిలినవారిలో చాలామందిని వైమానికదళ హెలికాప్టర్లతో దించాల్సివచ్చింది. ఇలాంటివి జరగకుండా ఆపేది రోజువారీ తనిఖీయే. తనిఖీ చేసేదెవరు, చేయించేదెవరు అన్నది టెండరు కాగితాల్లోనే తేలాలి.

మన ఊరికి సంబంధించి నాకు రెండు అనుమానాలున్నాయి. క్యాబిన్ ఆగితే కిందనుంచి క్రేనో, అగ్నిమాపక నిచ్చెనో రావాలి. రెజిమెంటల్ బజార్ సందుల్లోకి ఆ బండ్లు రాలేవు. కాబట్టి తీగ వెడల్పాటి రోడ్ల మీదుగానే పోవాలి, ఇళ్ల మీదుగా కాదు. రెండోది ఎండ. మే నెలలో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో గాజుపెట్టెలో కూర్చోబెడతారు. వేలాడే క్యాబిన్‌కు తీగలోంచి కరెంటు రాదు. ఏసీ పెట్టాలంటే బ్యాటరీలు మోయాలి, స్టేషన్‌లోకి వచ్చినప్పుడల్లా ఛార్జి చేయాలి. చల్లని లా పాజ్‌కు ఈ బాధ లేదు. ఎండాకాలం చివర్లో వచ్చే గాలిదుమారాలు, పిడుగుల వానలప్పుడు ఎలాగూ ఆపేస్తారు, ఆపాలి కూడా.

ప్రశ్న: *మాది అరవై గజాల ఇల్లు, మా తాతగారు కట్టింది. మీద ఇంకో అంతస్తు వేద్దామనుకుంటున్నాం. రోప్‌వే మా డాబా మీదుగా పోతే వేసుకోనిస్తారా? పరిహారం ఇస్తారా?*
– రెజిమెంటల్ బజార్

జవాబు: మీ ఇంటి మీదుగా ఏ రోప్‌వేకీ మంజూరు లేదు. అంతస్తు వేసుకోవాలంటే ఇప్పటి నిబంధనల ప్రకారం అనుమతి తెచ్చుకుని వేసుకోండి. ఎప్పుడో వస్తుందన్న పుకారుకు భయపడి ఇల్లు అమ్ముకోకండి, అదే పుకారు నమ్మి పక్కిల్లు కొనకండి.

ఒకవేళ వస్తే, తీగ కింద, దాని అటూ ఇటూ కొంత మేర ఎత్తు మీద ఆంక్షలు ఉంటాయి. స్తంభానికి స్థలం కావాలంటే 2013 భూసేకరణ చట్టం ప్రకారం తీసుకోవాలి. పాతబస్తీ మెట్రోకు ఆస్తులిచ్చినవారికి గజానికి రూ.81 వేలు కట్టిన లెక్క మీ చేతిలో ఉంచుకోండి, బేరం అక్కడి నుంచి మొదలవ్వాలి. స్థలం తీసుకోకుండా గాలిలోంచి మాత్రమే పోతే పరిహారం ఎంత అన్నది ఇంకా గట్టిగా అడగాల్సిన ప్రశ్న. కాశీలో సేకరణ పద్ధతి పాటించకుండా తమ స్థలం వాడుకున్నారని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025లో కోర్టు యథాతథ స్థితి ఉంచమంది. మీ దస్తావేజులు, పన్ను రసీదులు ఒకచోట పెట్టుకోండి. తాతగారి పేరు మీదే ఉంటే ఇప్పుడే మార్పించుకోండి. రోప్‌వే రాకపోయినా పనికొస్తుంది.

ప్రశ్న: *కూరగాయల మూటలు ఎక్కనిస్తారా?*
– వ్యాపారి, మోండా మార్కెట్

జవాబు: చేతిసంచి అయితే సరే. మూటలకు ట్రాలీ ఆటోనే నయం.

ప్రశ్న: *మరి మేం ఏం అడగాలి? ఎవరిని అడగాలి? ఎవరో వేస్తామంటే వద్దనడం తేలిక. మాకు కావలసింది ఏదో చెప్పండి.*
– కాలనీ సంఘం సభ్యురాలు, రెజిమెంటల్ బజార్

జవాబు: నిలదీసి అడిగారు, బాగుంది. ట్యాంక్‌బండ్ రోప్‌వే ఆలోచన ముందుకు వచ్చిందనుకున్నా దారిలో చాలా తలుపులు తట్టాలి. బేగంపేట విమానాశ్రయం దగ్గర కాబట్టి స్తంభాల ఎత్తుకు ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఒప్పుకోవాలి. కంటోన్మెంట్ వైపు జరిగితే రక్షణశాఖ భూమి. ప్యారడైజ్ నుంచి వెళ్లే ఎలివేటెడ్ కారిడార్లకు ఆ భూమి కోసం ఏళ్ల తరబడి తిరిగితే 2024 మార్చిలో అనుమతి వచ్చింది.

అంతకంటే దగ్గరి పని ఒకటి మీ గుమ్మం ముందే జరుగుతోంది. సికింద్రాబాద్ స్టేషన్‌ను సుమారు రూ.700 కోట్లతో తిరిగి కడుతున్నారు. 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన జరిగింది, 2025లో పాత భవనాన్ని కూల్చారు. పట్టాల మీదుగా 108 మీటర్ల వెడల్పు కాన్‌కోర్స్, తూర్పు, పడమర మెట్రో స్టేషన్లకూ రేతిఫైల్ బస్‌స్టాండ్‌కూ నడకదారులు ఆ ప్రణాళికలో ఉన్నాయి. ఇప్పుడు ప్రయాణికుడు సూట్‌కేసు లాక్కుంటూ ఆటోల మధ్యలోంచి దాటే ఆ కాస్త దూరమే లష్కర్‌లో అసలు రవాణా సమస్య. గంటకు 3,000 మందిని మోసే తీగ కంటే నాలుగు మీటర్ల వెడల్పున్న మంచి నడకదారి ఎక్కువమందిని దాటిస్తుంది, టికెట్ కూడా అక్కర్లేదు.

ఆ నడకదారి మీ బజార్ మీదుగా పోయి మెట్రోలో దిగుతుందా, మధ్యలో రెజిమెంటల్ బజార్ వైపు మెట్లు, లిఫ్టు ఉన్నాయా అన్నది ఇప్పుడే, కాంక్రీటు పడకముందే తేల్చుకోవాలి. పైనుంచే దాటించేస్తే మొదటి ఉత్తరంలో లాడ్జి యజమాని పడిన బాధే మీ వీధి మొత్తానికీ వస్తుంది. లాడ్జివాళ్లు, టిఫిన్ సెంటర్లవాళ్లు, ఇళ్లవాళ్లు కలిసి సంతకాలు చేసి, దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాద్ డివిజనల్ మేనేజర్‌కు ఒక అర్జీ, హైదరాబాద్ మెట్రో రైల్ సంస్థకు ఒక అర్జీ ఇవ్వండి. నడకదారి నమూనా పటం చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తు పెట్టండి.