అమ్మమ్మల నాటి నగలపెట్టె



మీ ఇంట్లో పాత పెట్టె ఏదైనా ఉందా? ఒకసారి అటక మీద చూడండి. మంచం కింద చూడండి. చిన్న నగలపెట్టె కావచ్చు. కుంకుమ భరిణె కావచ్చు. ఆకూవక్కా పెట్టుకునే ఇత్తడి పెట్టె కావచ్చు. దుమ్ము పట్టి ఒక మూల పడి ఉంటుంది. "పాత సామాను, ఎందుకూ పనికిరాదు" అనుకుంటాం. అది నిజమేనా? ఈ పాఠం చదివి మీరే చెప్పండి.

పెట్టె చెప్పిన పేరు

మా చదువు కేంద్రానికి ఒక అక్క వచ్చేది. పగలంతా కూలిపని. రాత్రి పలక పట్టుకుని వచ్చేది. ఆమె దగ్గర ఒక చెక్క నగలపెట్టె ఉంది. జానెడు పొడుగు ఉంటుంది. మూలలకు ఇత్తడి రేకులు కొట్టారు. అది వాళ్ళ అమ్మమ్మను కన్నతల్లిది. ఆమె నుంచి అమ్మమ్మకు, అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి ఈ అక్కకు వచ్చింది. నగలు ఎప్పుడో కరిగిపోయాయి. పెట్టె మిగిలింది. అందులో సూదులు, దారం, రేషన్ కార్డు పెట్టుకునేది.

ఒకరోజు వీధిలోకి పాత సామాన్లు కొనే మనిషి వచ్చాడు. పెట్టె చూశాడు. "అయిదు వందలిస్తానమ్మా. పైన ఒక ప్లాస్టిక్ టబ్బు ఇస్తాను" అన్నాడు. ఇంటాయన "ఇచ్చెయ్, పోనీ" అన్నాడు. అక్క మాత్రం "రేపు రా అన్నా, తుడిచి ఇస్తాను" అంది.

ఆ సాయంత్రం తడిగుడ్డతో పెట్టె తుడిచింది. మూత లోపల చిన్న ఇత్తడి బిళ్ళ ఉంది. దాని మీద గీతలు కనిపించాయి. ఇన్నేళ్ళూ అవి పువ్వులూ తీగలూ అనుకుంది. ఇప్పుడు చూస్తే అక్షరాలు! ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. అది ఒక ఆడమనిషి పేరు. పక్కన ఏవో గుర్తులు ఉన్నాయి. అవి అర్థం కాలేదు. పెట్టె చంకన పెట్టుకుని మా దగ్గరకు వచ్చింది.

ఆ గుర్తులు ఇవి: ౧౯౩౧.

ఇవి తెలుగు అంకెలు. అంటే 1931. ఆ పేరు వాళ్ళ అమ్మమ్మను కన్నతల్లిది. ఇంట్లో ఆమె పేరు ఎవరికీ తెలియదు. అందరూ "అవ్వ" అనే అనేవారు. అమ్మ పోయాక చెప్పేవాళ్ళు కూడా లేరు. పెట్టె మాత్రం ఆ పేరు దాచి పెట్టుకుంది. ఆ పేరు వాళ్ళింటి సొత్తు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

అక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "అవ్వకు చదువు రాదు సారూ. తన పేరు తనే చదువుకొని ఉండదు. నేను చదివినా" అంది. మర్నాడు ఆ మనిషి వచ్చాడు. అక్క పెట్టె ఇవ్వలేదు.

పాత అంకెలు నేర్చుకుందాం

౦ - 0, ౧ - 1, ౨ - 2, ౩ - 3, ౪ - 4,
౫ - 5, ౬ - 6, ౭ - 7, ౮ - 8, ౯ - 9.

పాత బిందెల మీద, పళ్ళాల మీద, పెట్టెల మీద పేర్లు చెక్కించడం మన వాడుక. కొన్నింటి మీద ఏ ఏడు చేయించారో కూడా ఉంటుంది. మీ ఇంట్లో వాటిని తిప్పి చూడండి.

పాతదో కాదో ఎలా తెలుస్తుంది?

చేత్తో కొట్టిన మేకుల తలలు ఒక్క తీరుగా ఉండవు. మిషను మేకుల తలలన్నీ ఒకేలా ఉంటాయి. చెయ్యి తగిలే చోట, మూత అంచున చెక్క నున్నగా అరిగి ఉంటుంది. పెట్టె అంతా ఒకే రంగులో నల్లగా ఉంటే అనుమానించాలి. కొత్త చెక్కకు రంగు పూసి పాతదని అమ్మేవాళ్ళు ఉన్నారు. లోపలి వైపు, అడుగు వైపు చూస్తే నిజం తెలుస్తుంది.

మన పెట్టెలు సముద్రం దాటాయి

పాత నగలపెట్టెలను వెతికి వెతికి పోగుచేసేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. వాళ్ళు ఎంతో మెచ్చుకునే వాటిలో మన విశాఖపట్నం పెట్టెలు ఉన్నాయి. 18వ, 19వ శతాబ్దాల్లో అక్కడి పనివాళ్ళు చెక్క పెట్టెల మీద ఏనుగు దంతపు రేకులు అతికేవారు. వాటి మీద సన్నగా పువ్వులు, లతలు చెక్కేవారు. ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. అప్పటి ఇంగ్లీషు దొరలు, దొరసానులు వాటిని కొని తమ దేశం పట్టుకుపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అలాంటివి నేటికీ ఉన్నాయి. చేసిన చేతుల పేర్లు మాత్రం చాలావాటి మీద లేవు.

ఒక మాట గుర్తుంచుకోండి. ఇప్పుడు మన దేశంలో ఏనుగు దంతం అమ్మడం, కొనడం నేరం.

మన దగ్గర కూడా చూడవచ్చు. హైదరాబాదులో మూసీ నది ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన వస్తువులతో అది 1951 డిసెంబరు 16న మొదలైంది. అక్కడ నల్లని లోహం మీద వెండి పొదిగిన బిదిరీ సామాను ఉంది. చదువు కేంద్రం తరఫున అందరూ కలిసి ఒకసారి వెళ్ళి చూడండి.

చట్టం ఏమంటుంది?

1972లో పురావస్తువుల చట్టం వచ్చింది. నూరేళ్ళు దాటిన చేతిపని వస్తువులు పురావస్తువులు. వాటిని మామూలు మనుషులు దేశం దాటించకూడదు. వాటితో వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. మన ఇంటి పాత పెట్టె మనం ఇంట్లో ఉంచుకోవడం తప్పు కాదు. పాత విగ్రహాలు, చిత్రాలు వంటి కొన్నింటిని మాత్రం రిజిస్టరు చేయించాలి.

పునాది తవ్వేటప్పుడు, చెరువు పనిలో పాత పెట్టె దొరికితే వేరే సంగతి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. దాచుకుంటే శిక్ష ఉంటుంది.

అమ్మాలనుకుంటే

పెట్టె అమ్మడం పాపం కాదు. పిల్ల ఫీజు కట్టాలి. ఇంట్లో జబ్బు మనిషి ఉండవచ్చు. అవసరం ఎవరికైనా వస్తుంది. కానీ వాకిట్లో నిలబడి తొందరపెట్టే మనిషికి ఇవ్వకండి. రెండు మూడు చోట్ల ధర అడగండి. ఇత్తడి తూకం లెక్కన ఇవ్వకండి. తూకానికి పనితనం రాదు. రసీదు అడగండి. రసీదు చదివి సంతకం చేయండి. చదవనిదే వేలిముద్ర వేసే రోజులు మనకు పోయాయి కదా!

ఉంచుకోవాలనుకుంటే

నేల మీద పెట్టకండి, చెదలు పడతాయి. ఎండలో పెట్టకండి, చెక్క పగులుతుంది. పెట్టె కింద సన్నని పొడి రాలితే పురుగు తొలుస్తున్నట్టు లెక్క. ఇత్తడిని చింతపండుతో మాటిమాటికీ తోమకండి. మెరుపు వస్తుంది గానీ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.

అభ్యాసం

కొత్త మాటలు చదవండి: భరిణె, పురావస్తువు, రసీదు, లైసెన్సు, పనితనం.

జవాబులు చెప్పండి:
1. అక్క పెట్టెను ఎందుకు అమ్మలేదు?
2. చింతపండుతో ఎందుకు తోమకూడదు?
3. భూమిలో పెట్టె దొరికితే ఎవరికి చెప్పాలి?

లెక్క చేయండి: అక్క పెట్టె మీద 1931 అని ఉంది. దానికి నూరేళ్ళు ఏ సంవత్సరంలో నిండుతాయి? (1931 + 100 = ?)

తెలుగు అంకెల్లో రాయండి: మీరు పుట్టిన సంవత్సరం.

చివరగా ఒక పని. మీ నోటు పుస్తకంలో మూడు పేర్లు రాయండి. మీ అమ్మ పేరు. మీ అమ్మమ్మ పేరు. అమ్మమ్మను కన్నతల్లి పేరు. తెలియకపోతే ఇంట్లో పెద్దవాళ్ళను ఈ రోజే అడగండి. అడిగి, మీ చేత్తో రాయండి. ఆ కాగితం మడిచి మీ పెట్టెలో దాచండి. రేపు మీ మనవరాలు చదువుకుంటుంది.